కథ లేదు, అయినా నాటకమే: ఫ్యాట్స్ వాలర్ పాటలు బ్రాడ్‌వే ఎక్కిన వైనం

న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వే. అక్కడి నాటకాలకి ఇచ్చే టోనీ అవార్డుల్లో 1978లో ఉత్తమ సంగీత నాటకంగా నిలిచింది 'ఎయింట్ మిస్‌బిహేవిన్'. ఆ ఏడాది ఉత్తమ కథా రచనకీ, ఉత్తమ సంగీతానికీ ఇచ్చే బహుమతులు మాత్రం 'ఆన్ ది ట్వెంటియత్ సెంచరీ' అనే వేరే నాటకానికి వెళ్లాయి. ఎందుకంటే, పెద్ద బహుమతి గెలిచిన నాటకంలో కథే లేదు. దాని కోసం కట్టిన కొత్త బాణీ కూడా లేదు. అప్పటికి 35 ఏళ్ల కిందటే చనిపోయిన ఫ్యాట్స్ వాలర్ అనే జాజ్ పియానిస్టు కట్టిన పాటలు, ఎవరో రాస్తే ఆయన పాడి జనంలోకి తెచ్చిన పాటలు, అన్నీ కలిపి ముప్పై దాకా ఉన్నాయంతే. పాడేవాళ్లు ఐదుగురు, ముగ్గురు ఆడవాళ్లూ ఇద్దరు మగవాళ్లూ. వేదిక మీదే పియానో, చిన్న బ్యాండు. పాటల నడుమ సంభాషణలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

ఆ ప్రదర్శన 1978 మే 9న న్యూయార్క్ లాంగేకర్ థియేటర్లో మొదలైంది. ఆ తర్వాత రెండు థియేటర్లు మారి, 1982 ఫిబ్రవరి దాకా మొత్తం 1,604 ఆటలు ఆడింది.

మనకి తెలిసిన వాటిలో దీనికి దగ్గరగా వచ్చేది ఘంటసాల పాటల విభావరి. మైకు ముందు గాయకులు, వెనక ఆర్కెస్ట్రా, పాటకీ పాటకీ నడుమ వ్యాఖ్యాత. అందులో 'శివశంకరీ' ఎంత గొప్పగా పాడినా, కన్నీళ్లు పెట్టించినా, ఇంటికెళ్లి మనం 'నాటకం చూసొచ్చాం' అనం. కచేరీ విన్నామంటాం. మరి వాలర్ పాటల వరసని అమెరికన్లు ఏ లెక్కన నాటకం అన్నారు? పైగా ఆ ఏటి నాటకాలన్నిటిలోకీ ఇదే మేలైనదని ఎలా తేల్చారు? పాత పాటలతో నాటకం కట్టడంలోని చిక్కుముడి అంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

పాత జాజ్ పాటలు చేతిలో పెట్టుకుని నాటకం చేయబోయేవాళ్ల ముందు ప్రధానంగా మూడు దారులుంటాయి. పాట కట్టినవాడి, లేదా పాడినవాడి జీవితాన్నే కథగా చేయడం ఒకటి. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు, గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మీద 2024లో బ్రాడ్‌వేకి వచ్చిన 'ఎ వండర్‌ఫుల్ వరల్డ్' ఈ కోవలోది. సంబంధం లేని కల్పిత కథలో పాటల్ని పొదగడం ఇంకొకటి. షేక్స్‌పియర్ 'ట్వెల్ఫ్త్ నైట్' కథని న్యూయార్క్‌లోని నల్లజాతివాళ్ల పేట హార్లెమ్‌కి తీసుకొచ్చి, జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ పాటలతో నడిపిన 1997 నాటి 'ప్లే ఆన్' అలాంటిది. మూడోది రెవ్యూ. కథ ఉండదు. పాటలు, ఆటలు, వాటి వరస, అంతే. చూడ్డానికి ఇదే అన్నిటికంటే సులువనిపిస్తుంది. నా మటుకు నాకు ఇదే అన్నిటికంటే కష్టం. కథ ఉంటే బలహీనమైన పాట కూడా కథ భుజమెక్కి దాటిపోతుంది. రెవ్యూలో ఆ ఆసరా లేదు. రెండో పాట పూర్తయ్యేసరికే ప్రేక్షకుడు 'తర్వాత ఏం జరుగుతుంది?' అని కాకుండా 'తర్వాత ఏ పాట?' అని అడగడం మొదలుపెడితే, ఇక అది విభావరే.

ఈ గండం ఎలా గట్టెక్కారో తెలియాలంటే ముందు వాలర్ వాయింపు తెలియాలి. రహస్యం సగం అక్కడే ఉంది.

అంగలు వేసే ఎడమ చెయ్యి

థామస్ రైట్ వాలర్ 1904 మే 21న న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి మతబోధకుడు, తల్లి సంగీతం తెలిసిన మనిషి. పిల్లాడు మొదట పట్టింది చర్చి ఆర్గన్. పదిహేనేళ్ల వయసుకే హార్లెమ్‌లోని లింకన్ థియేటర్లో మూకీ సినిమాలకి ఆర్గన్ వాయించే కొలువు దొరికింది. 1920లో తల్లి పోయింది. ఆ తర్వాత హార్లెమ్ పియానిస్టులలో పెద్ద తలకాయ జేమ్స్ పి. జాన్సన్ దగ్గర చేరాడు. అక్కడ అబ్బిందే స్ట్రైడ్ వాయింపు.

స్ట్రైడ్ అంటే అంగ. పేరు సరిగ్గా సరిపోయింది. నాలుగు దెబ్బల తాళం అనుకోండి. మొదటి దెబ్బకి ఎడమ చెయ్యి కింది స్థాయికి వెళ్లి ఒక మంద్ర స్వరాన్ని తాకుతుంది. రెండో దెబ్బకి పియానో మధ్యకి ఎగిరొచ్చి మూడు నాలుగు స్వరాల్ని కలిపి కొడుతుంది. మూడో దెబ్బకి మళ్లీ కిందికి, నాలుగో దెబ్బకి మళ్లీ పైకి. ధుం-చక్, ధుం-చక్. చెయ్యి నిజంగానే అంగలు వేస్తూ నడుస్తుంటుంది. ఆ నడక తడబడకూడదు, తొందరపడకూడదు. దాని మీద కుడి చెయ్యి తన ఇష్టం వచ్చినట్టు పరుగులు తీస్తుంది, ఆగుతుంది, ఆటపట్టిస్తుంది. వాలర్‌వి పెద్ద చేతులు. మంద్ర సా మీద చిటికెన వేలుంచి, పై స్థాయి గాంధారం మీద బొటన వేలు వేయగలిగేవాడు. మామూలు చెయ్యికి ఈ రెండూ ఒకేసారి అందవు.

అంటే ఒక్క మనిషే తాళం, శ్రుతి, పాట, అల్లరి, నాలుగూ మోస్తున్నాడు. ఇది సంగీతానికి సంబంధించిన సంగతే అయినా నాటకానికి పనికొచ్చే గుణం. ఎడమ చెయ్యిది బుద్ధిమంతుడి వేషం, కుడి చెయ్యిది కొంటెవాడి వేషం. ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు.

ఇక పాటల కట్టడం. ఆ కాలపు అమెరికన్ పాటలు చాలావరకు 32 ఆవర్తాల అచ్చులో ఉంటాయి. ఎనిమిది ఆవర్తాల వరస ఒకటి, అదే వరస వేరే మాటలతో ఇంకోసారి, ఎత్తుగడ మార్చిన కొత్త వరస ఎనిమిది, మళ్లీ మొదటి వరస ఎనిమిది. ఆవర్తానికి నాలుగు దెబ్బల చొప్పున మొత్తం 128. అంతలో పాట అయిపోవాలి. దీనికి ముందు సాకీ లాంటిది ఒకటి ఉండేది. తాళం కాస్త వదులు చేసి, ఎవరు ఎవరితో ఎందుకు చెబుతున్నారో చెప్పే నాలుగు పంక్తులు. రికార్డుల్లో, రేడియోలో ఈ సాకీని తరచూ కోసేసేవారు. సాకీ తీసేస్తే పాటకి సందర్భం పోతుంది, ఎవరైనా ఎక్కడైనా పాడుకోవచ్చు. నాటకం వేసేవాళ్లకి కావలసింది మాత్రం సరిగ్గా ఆ సందర్భమే. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

'ఎయింట్ మిస్‌బిహేవిన్' పాట ఈ అచ్చుకి చక్కని ఉదాహరణ. దాని అర్థం ఇంచుమించుగా 'బుద్ధిగానే ఉంటున్నా' అని. మొదటి వరస మేజర్ స్కేలులో హాయిగా, ఇంటిపట్టున కూర్చున్న మనిషిలా సాగుతుంది. మూడో భాగానికి వచ్చేసరికి పాట మైనర్‌లోకి, అంటే దిగులు పలికే స్కేలులోకి దిగుతుంది, గొంతు మీద ఓ నీడ పడినట్టవుతుంది. ఎనిమిది ఆవర్తాలయ్యాక మళ్లీ వెలుతురు. బుద్ధిగా ఉన్నానని అంత గట్టిగా చెప్పే మనిషి నిజంగా ఉన్నాడా లేదా అన్న అనుమానం ఆ నీడలోనే ఉంది.

వాలర్ రికార్డులు వింటే ఇంకో విషయం తెలుస్తుంది. 1934 నుంచి 'ఫ్యాట్స్ వాలర్ అండ్ హిజ్ రిథమ్' పేరుతో ఆయన విక్టర్ అనే రికార్డుల కంపెనీకి వందల పాటలు పాడాడు. కంపెనీ ఇచ్చే పాటల్లో చాలా భాగం అరిగిపోయిన ప్రేమ పాటలు. ఆయన వాటిని నిజాయితీగానే మొదలుపెట్టేవాడు. రెండో వరసకల్లా గొంతు సాగదీసేవాడు, కనుబొమ్మ ఎగరేసినట్టు ఒక మాట విసిరేవాడు, మధ్యలో ఎవరినో పలకరించేవాడు. పాట ఒకటి చెబుతుంటే పాడేవాడు దానికి పక్కనుంచి వ్యాఖ్యానం చేస్తున్నట్టుండేది. పాటకీ పాడే మనిషికీ మధ్య ఇంత ఖాళీ ఉందంటే, ఆ ఖాళీలోనే నటన ఉంది. పాటలో పాత్రని వెతకడానికి దర్శకుడు కథ రాయాల్సిన పనిలేదు, రికార్డులోనే పాత్ర కూర్చుని ఉంది.

నవ్వు కోసం అడిగిన పాట

వాలర్ పాటలు రేడియో కోసం పుట్టినవనుకుంటే పొరపాటు. వాటిలో పేరున్నవి కొన్ని వేదిక మీదే పుట్టాయి. 1929లో హార్లెమ్‌లో తెల్లవాళ్లు వచ్చి నల్లజాతి కళాకారుల ఆటపాటలు చూసే కానీస్ ఇన్ అనే నైట్‌క్లబ్బు నుంచి ఒక రెవ్యూ బ్రాడ్‌వేకి వెళ్లింది. దాని పేరు 'హాట్ చాకొలెట్స్'. జూన్ 20న హడ్సన్ థియేటర్లో మొదలైంది. బాణీలు వాలర్‌వి, హ్యారీ బ్రూక్స్‌వి, మాటలు ఆండీ రజాఫ్‌వి. 'ఎయింట్ మిస్‌బిహేవిన్' అందులోదే. ఆర్కెస్ట్రాలో కూర్చుని ఆ పాట వాయించి పాడిన కుర్రాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన బ్రాడ్‌వేలో అడుగుపెట్టింది అలాగే.

ఆండీ రజాఫ్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ పాటల పేరు చెప్పగానే వాలర్ గుర్తొస్తాడు గానీ మాటలు రాసినవాణ్ని ఎవరూ తలుచుకోరు. ఆయన మడగాస్కర్ రాజవంశం బిడ్డ. ఫ్రాన్స్ ఆ దీవిని ఆక్రమించిన రోజుల్లో తండ్రి చనిపోయాడు. కడుపుతో ఉన్న తల్లి అమెరికాకి తిరిగొచ్చాక, 1895లో వాషింగ్టన్‌లో పుట్టాడు. అసలు ఇంటిపేరు రజాఫిన్‌కెరీఫో.

'హాట్ చాకొలెట్స్'కి డబ్బు పెట్టినవాళ్లలో డచ్ షుల్ట్జ్ అనే పేరుమోసిన గ్యాంగ్‌స్టర్ ఉన్నాడు. రజాఫ్ తర్వాతి కాలంలో చెప్పిన కథ ప్రకారం, ఒక నల్లజాతి అమ్మాయి తన రంగు వల్ల పడే పాట్లు చెప్పుకుంటుంటే జనం పడీపడీ నవ్వే పాట ఒకటి కావాలని షుల్ట్జ్ పట్టుబట్టాడు. అలాంటివి నేను రాయలేనన్న రజాఫ్‌ని తుపాకీతో బెదిరించాడట. కథలో ఎంత పాళ్లు నిజమో గానీ, రజాఫ్ రాసిన పాట మాత్రం మన ముందుంది. 'బ్లాక్ అండ్ బ్లూ'. ఇంగ్లిష్‌లో ఆ మాటకి దెబ్బలకి ఒళ్లు కమిలిపోవడం అని అర్థం. నల్లరంగూ, కమిలిన గాయమూ రెండూ ఆ మూడు మాటల్లో ఇమిడాయి.

సాకీలో ఆ అమ్మాయి, మగవాళ్లు తెల్లగా ఉన్న అమ్మాయిల్నే కోరుకుంటున్నారని వాపోతుంది. అక్కడిదాకా షుల్ట్జ్ అడిగినదే. పాటలోకి దిగాక ఆ బాధ పెరుగుతుంది. ప్రియుడి గొడవ పక్కకి పోయి, ఈ ఒంటి రంగే నేరమైపోయిన మనిషి గోడు మిగులుతుంది. మొదట ఎడిత్ విల్సన్ దాన్ని పాడింది. ఆ ఏడాదే ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేసినప్పుడు సాకీ తీసేశాడు. సాకీ పోయేసరికి ప్రియుడి ప్రస్తావనే మిగల్లేదు. ఒక జాతి మొత్తం పడుతున్న బాధ మాత్రం మిగిలింది. ఇందాక చెప్పాను కదా, సాకీ ఉంటే ఒక మనిషి కథ, లేకపోతే ఎవరి కథైనా.

ఆ రోజుల్లో వాలర్ చేతిలో డబ్బు నిలిచేది కాదు. 1929లోనే ఈ రెండు పాటలతో సహా ఇరవై దాకా పాటల మీద తన హక్కుల్ని 500 డాలర్లకి ఒక ప్రచురణ సంస్థకి రాసిచ్చేశాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. తన పాటల్లో ఒక దాని మీద మరొకరి పేరు పడిందన్న మాట కూడా చాలాకాలం నడిచింది, ఇప్పటికీ తేలలేదు. 1943 డిసెంబర్ 15న లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ వెళ్తున్న రైల్లో, కాన్సస్ సిటీ దగ్గర, న్యుమోనియాతో పోయాడు. వయసు 39.

పాత్రల పేర్లే లేని నాటకం

1978 ఫిబ్రవరిలో మాన్‌హాటన్ థియేటర్ క్లబ్‌వాళ్ల చిన్న క్యాబరే గదిలో, అంటే బల్లల దగ్గర కూర్చుని పాటలు వినే గదిలో, 'ఎయింట్ మిస్‌బిహేవిన్' నాటకం మొదలైంది. ఆలోచన రిచర్డ్ మాల్ట్‌బీ జూనియర్, మర్రే హార్విట్జ్‌లది. దర్శకత్వం మాల్ట్‌బీది, నృత్యాలు ఆర్థర్ ఫరియావి. జనం ఎగబడటంతో మూడు నెలల్లో బ్రాడ్‌వేకి తరలింది. నెల్ కార్టర్, ఆండ్రే డి షీల్డ్స్, ఆర్మీలియా మెక్వీన్, కెన్ పేజ్, షార్లేన్ వుడర్డ్. ఈ ఐదుగురూ తమ పేర్లతోనే వేదిక మీదికొచ్చారు. స్క్రిప్టులో ఇప్పటికీ పాత్రల పేర్లు అవే: నెల్, ఆండ్రే, ఆర్మీలియా, కెన్, షార్లేన్. వేరే ఊళ్లో వేరే నటి చేసినా ఆమె వేసేది నెల్ వేషమే.

ఇక్కడ గమనించాల్సింది, వాలర్ వేషం ఎవరూ వేయలేదు. ఆయన జీవితాన్ని నాటకంగా తీస్తే ఒక లావుపాటి నటుడికి డెర్బీ టోపీ పెట్టి, నోట్లో సిగరెట్ పెట్టి, చావు దాకా నడిపించాల్సి వచ్చేది. ఆ నటుణ్ని చూసినంతసేపూ ప్రేక్షకుడు అసలు వాలర్‌తో పోల్చుకుంటూ కూర్చునేవాడు. మాల్ట్‌బీ, హార్విట్జ్ ఆ మనిషిని ఐదు ముక్కలు చేసి పంచారు. కొంటెతనం ఆండ్రేకి, బొజ్జ నిండా హాస్యం కెన్‌కి, గుండె లోతు నెల్‌కి. వాలర్ ఎక్కడా కనిపించడు, అందరిలోనూ వినిపిస్తాడు. 'ఎడమ చెయ్యి బుద్ధిమంతుడు, కుడి చెయ్యి కొంటెవాడు' అన్న పియానో లక్షణమే వేదిక ఎక్కింది.

పియానో దగ్గర కూర్చున్నది లూథర్ హెండర్సన్. నా దృష్టిలో ఈ నాటకానికి అసలు రచయిత ఆయనే. 1919లో పుట్టి, హార్లెమ్‌లో పెరిగి, జూలియార్డ్ సంగీత కళాశాలలో చదివి, ఎల్లింగ్టన్ బాణీల్ని ఏళ్ల తరబడి ఆర్కెస్ట్రాకి అమర్చిపెట్టినవాడు. ఒక మనిషి పియానో మీద ఒంటరిగా చేసిన పనిని చిన్న బ్యాండుకి పంచిపెట్టాలి, పైగా అది వాలర్ వాయింపులాగే వినపడాలి. ఆ పని ఆయన ఎంత బాగా చేశాడో తెలియాలంటే 'హ్యాండ్‌ఫుల్ ఆఫ్ కీస్' వినాలి. 1929లో వాలర్ ఒంటరిగా వాయించిన పియానో ముక్క అది, మాటలు లేవు. మాల్ట్‌బీ, హార్విట్జ్ దానికి మాటలు రాశారు. ఆ మాటల్లో చెప్పేది స్ట్రైడ్ ఎలా వాయించాలో! ఎడమ చెయ్యి ఏం చేయాలి, కుడి చెయ్యి ఏం చేయాలి అని ఐదుగురూ పాడుతుంటే, పక్కన పియానో అదే చేసి చూపిస్తుంటుంది. పాఠమూ ఉదాహరణా ఒకేసారి. సంగీతం తెలియని ప్రేక్షకుడు కూడా ఆ పాటయ్యాక పియానిస్టు ఎడమ చెయ్యి వైపే చూస్తాడు.

కథ లేని చోట వరసే కథ. మొదటి అంకం చివర 'ది జాయింట్ ఈజ్ జంపిన్' పెట్టారు. ఇది హార్లెమ్ అద్దె పార్టీల పాట. దక్షిణాది నుంచి వలస వచ్చిన నల్లజాతివాళ్లకి హార్లెమ్‌లో తప్ప వేరే చోట ఇళ్లు దొరికేవి కావు. ఆ సంగతి తెలిసిన ఇంటి యజమానులు తెల్లవాళ్ల పేటల కంటే ఎక్కువ అద్దె గుంజేవాళ్లు. నెలాఖరుకి అద్దె డబ్బు చాలనివాళ్లు ఇంట్లో సామాను పక్కకి జరిపి, పియానిస్టుని పిలిచి, కొద్దిపాటి ప్రవేశ రుసుము పెట్టి, తెల్లవార్లూ విందు నడిపేవాళ్లు. వాలర్ లాంటివాళ్లు ఒకరిని మించి ఒకరు వాయించి రాటుదేలింది ఆ ఇళ్లల్లోనే. 1937లో వాలర్ రికార్డులో చివరికి పోలీసులు వచ్చిన చప్పుళ్లు కూడా ఉంటాయి. పైకి అది ఉరకలెత్తే పాట. ఇల్లు నిలబెట్టుకోవడానికి ఎగురుతున్నవాళ్ల పాట అని తెలిసి వింటే వేరేగా వినపడుతుంది.

యుద్ధకాలపు పాటలు కూడా అలాగే. నైలాన్ అంతా పారాచ్యూట్లకి పోవడంతో మేజోళ్లు దొరకని ఆడవాళ్లు, మళ్లీ నైలాన్లు పూసే రోజు కోసం ఎదురుచూసే పాట ఒకటుంది. అది వాలర్ 1943లో 'ఎర్లీ టు బెడ్' అనే బ్రాడ్‌వే నాటకానికి కట్టాడు. దానిని ముగ్గురు నటీమణులు పాడుతుంటే, ఎవరూ తారీఖు చెప్పకుండానే ప్రేక్షకుడు ఇరవైల నుంచి నలభైల్లోకి వచ్చేస్తాడు.

రెండో అంకంలో నవ్వు పెరుగుతూ పోతుంది. ఆండ్రే డి షీల్డ్స్ 'ది వైపర్స్ డ్రాగ్'లో గంజాయి మత్తులో ఉన్న మనిషిలా పాము జారినట్టు నెమ్మదిగా కదులుతాడు. కెన్ పేజ్ 'యువర్ ఫీట్స్ టూ బిగ్' పాటలో ఎదుటి మనిషి పాదాల సైజు మీద ఫిర్యాదు చేస్తాడు. ఇంకొన్ని పాటలయ్యాక లావుపాటి మనుషుల మీద మరో వెటకారపు పాట వస్తుంది, దానికి జనం కూడా గొంతు కలుపుతారు. అందరూ నవ్వి నవ్వి అలిసిపోయిన ఆ క్షణంలో వెలుతురు తగ్గుతుంది. ఐదుగురూ కదలడం మానేస్తారు. అంతసేపూ చేతులు, నడుములు, కళ్లు ఆడించినవాళ్లు ఎదురుగా చూస్తూ ఉండిపోతారు. మెల్లగా, గొంతులు గొంతుల్లో కలిపి 'బ్లాక్ అండ్ బ్లూ' పాడతారు.

రంగాలంకరణ మార్పు లేదు, ఒక్క మాట లేదు. ఇప్పటిదాకా ఎవరి మీద నవ్వామో వాళ్లే మనల్ని చూస్తున్నారన్నది మాత్రం తెలుస్తుంది. షుల్ట్జ్ ఈ పాట నవ్వు కోసం అడిగాడు. నాటకం దాన్ని నవ్వు తర్వాత పెట్టింది. ఆ చోటు మార్చడంలోనే నాటకం ఉంది. ఇదే పాటని విభావరిలో నాలుగోదిగానో పన్నెండోదిగానో పాడితే చప్పట్లు పడతాయి, అంతే. ఇక్కడ మాత్రం ముందు పాడిన ప్రతి పాట అర్థమూ వెనక్కి వెళ్లి మారిపోతుంది. వాలర్ రికార్డుల్లో ఆ పక్కనుంచి వ్యాఖ్యానం ఎందుకు చేశాడో, ఆ కనుబొమ్మ దేన్ని దాచుకుందో అప్పుడు అర్థమవుతుంది. మొదట ఒక స్థితి, చివరికి ఇంకో స్థితి, మధ్యలో మనిషిలో మార్పు. నాటకానికి కావలసింది అదే అయితే, ఇక్కడ ఆ మార్పు జరిగేది వేదిక మీది పాత్రలో కాదు, కుర్చీలో కూర్చున్నవాడిలో.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి. మాల్ట్‌బీ, హార్విట్జ్ ఇద్దరూ తెల్లజాతివాళ్లు. ఐదుగురు నల్లజాతి నటులు కళ్లు తిప్పుతూ, నడుములు ఊపుతూ, గంజాయి పాట పాడుతూ ఎక్కువగా తెల్లవాళ్లతో నిండిన హాలుని నవ్వించడం అన్నది కానీస్ ఇన్‌లో నడిచిన తంతు కంటే ఎంత భిన్నం? ఈ విమర్శని తేలిగ్గా తీసేయలేం. 'బ్లాక్ అండ్ బ్లూ'ని చివర్లో అలా నిలబెట్టకపోయి ఉంటే దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. నిలబెట్టారు కాబట్టి ఉందనుకుంటాను. అయినా ప్రతి ప్రదర్శనలో నటులు ఆ నవ్వుని ఎంత తెలివితో నడిపిస్తారన్న దాని మీదే ఆ జవాబు ఆధారపడి ఉంటుంది. నెల్ కార్టర్‌కి టోనీ వచ్చింది ఆమె గొంతుకే కాదు, ఆ తూకానికి కూడా. 1982లో టీవీలో చూపినప్పుడు ఆమెకీ డి షీల్డ్స్‌కీ ఎమ్మీలు, అంటే టీవీ అవార్డులు వచ్చాయి.

తీర్పు చెప్పే నాటకం

రెవ్యూ దారి పనిచేసింది కదా అని జీవితకథ దారి దండగ అనుకోకూడదు. 1992లో జార్జ్ సి. వూల్ఫ్ రాసి దర్శకత్వం వహించిన 'జెల్లీస్ లాస్ట్ జామ్' చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. న్యూ ఆర్లీన్స్ పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్ కథ అది. జాజ్‌ని 1902లో తానే కనిపెట్టానని చెప్పుకున్న మనిషి. క్రియోల్, అంటే ఐరోపా, ఆఫ్రికా మూలాలు కలిసిన వంశంలో పుట్టినందుకు గర్వపడుతూ తనలోని నల్లజాతి వారసత్వాన్ని ఒప్పుకోనివాడు. వూల్ఫ్ ఆయన చచ్చిపోయే రాత్రిని తీసుకుని, చిమ్నీ మ్యాన్ అనే యముడి లాంటి పాత్ర ముందు బోనులో నిలబెట్టాడు. నువ్వు వాయించిన లయ ఎవరిది, దాన్ని నీకు ఇచ్చినవాళ్లని ఎందుకు కాదన్నావు అని విచారణ. మోర్టన్ వేషం వేసిన గ్రెగరీ హైన్స్ దానికి కాళ్లతో, అంటే ట్యాప్ నృత్యంతో జవాబు చెబుతాడు. ఆయనకి టోనీ వచ్చింది.

అక్కడ కథ తప్పనిసరి, ఎందుకంటే మోర్టన్ జీవితంలో గొడవ ఉంది, దాన్ని పాటలు తమంతట తాము చెప్పవు. పైగా ఆయన బాణీల్లో చాలావాటికి మాటల్లేవు. సూజన్ బర్కెన్‌హెడ్ కొత్తగా రాయాల్సి వచ్చింది. బాణీల్ని నాటకానికి మలిచినవాడు మళ్లీ లూథర్ హెండర్సనే. వాలర్ విషయంలో గొడవంతా పాటల్లోనే దాగుంది, మోర్టన్ విషయంలో అది మనిషిలో ఉంది. ఏ దారి ఎంచుకోవాలో చెప్పేది దర్శకుడి సరదా కాదు, గొడవ ఎక్కడుందన్నది. జనాదరణ ఉన్న పాటలు ఉన్నాయి కదా అని జీవితకథ తీసి, పుట్టుక, పేదరికం, పేరు, తాగుడు, చావు అని వరసగా నడిపేవాళ్లు ఈ ప్రశ్న వేసుకోరు. అందుకే అలాంటి నాటకాల్లో పాట వచ్చినప్పుడల్లా కథ ఆగిపోతుంది, కథ మొదలైనప్పుడల్లా పాట ఎప్పుడొస్తుందా అనిపిస్తుంది.

ఎవరి పాట, ఎవరి హక్కు

ఇక చివరి చిక్కు డబ్బుది. అమెరికాలో పాటకి రెండు రకాల ప్రదర్శన హక్కులున్నాయి. హోటల్లోనో కచేరీలోనో పాడుకోవడానికి ఇచ్చేవి చిన్న హక్కులు. వీటిని ఆస్కాప్ లాంటి సంఘాలు గంపగుత్తగా ఇస్తాయి. పాటని నాటకంలో భాగం చేయాలంటే పెద్ద హక్కులు కావాలి. వాటిని ఒక్కో పాటకీ దాని యజమాని దగ్గరికే వెళ్లి మాట్లాడుకోవాలి. వాలర్ నాటకంలో పాటలకి మాటలు రాసినవాళ్లు ఎందరో, ప్రచురించినవాళ్లు ఎందరో. పైగా ముగింపులో ఐదుగురూ పాడే వరసపాటలన్నీ వాలర్ కట్టినవి కావు, ఇతరులు కట్టగా ఆయన పాడి పేరు తెచ్చినవి. అంటే ముప్పై పాటల నాటకం అంటే ముప్పై బేరాలు. మరి విభావరికి చిన్న హక్కులు చాలు, నాటకానికి పెద్దవి కావాలంటే, కథ లేని రెవ్యూ ఏ కోవలోకి వస్తుంది? మనం మొదట వేసుకున్న ప్రశ్నే మళ్లీ వచ్చింది, ఈసారి లాయర్ల నోట. వేషధారణ, ఆటలు, దృశ్యం కలిపి పాటని ఒక సన్నివేశంగా చూపిస్తే అది నాటకమే అన్న వాదన వాళ్ల మధ్య ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

1929లో అమెరికాలో అచ్చైన పాటలకి అక్కడి చట్టం ఇచ్చిన 95 ఏళ్ల గడువు 2024 చివరితో తీరింది. 2025 జనవరి 1 నుంచి 'ఎయింట్ మిస్‌బిహేవిన్', 'బ్లాక్ అండ్ బ్లూ', 'హనీసకిల్ రోజ్' అక్కడ అందరి సొత్తు. వాలర్ 500 డాలర్లకి వదులుకున్నవి ఇక ఎవరి పెట్టెలోనూ లేవు. ఎవరైనా సాకీతో సహా, లేదా సాకీ లేకుండా, ఏ నాటకంలోనైనా పెట్టుకోవచ్చు. 1978లో ఐదు గొంతులకి పంచిన ఆ స్వరకల్పన మాత్రం ఇంకా హక్కుల కిందే ఉంది. బాణీ అందరిదీ అయింది, ఆ ఐదుగురూ కదలకుండా నిలబడి పాడిన తీరు కావాలంటే ఇప్పటికీ అడిగి, డబ్బు కట్టి తెచ్చుకోవాల్సిందే.